మేడలో మంచమంత చోటు

మా బావ కట్టించిన మేడ గురించి జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నేను చెప్పినన్ని మాటలు ఆ మేడ కట్టిన మేస్త్రీ కూడా చెప్పి ఉండడు. అందులో నలభై గదులున్నాయని చెప్పాను. మా అక్క పొద్దున పడకగదిలోంచి బయలుదేరితే దారి తప్పి మధ్యాహ్నానికి గానీ వంటింటికి చేరదని చెప్పాను. హాల్లో వేలాడే దీపాల గుత్తిని తుడవడానికి హైదరాబాద్ నుంచి మనిషి హెలికాప్టర్లో వస్తాడని కూడా ఒకసారి నోరు జారాను. చాయ్ పోసే ఆయన "హెలికాప్టర్ ఏడ దిగుతది పెద్దమనిషీ?" అని అడిగితే "మిద్దె మీద" అన్నాను, ముఖం కదలకుండా.

సరే, ఇప్పుడు ఒప్పుకుంటాను. నలభై గదులు లేవు. ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు గానీ నలభైకి చాలా తక్కువ. అక్క దారి తప్పిన మాట అబద్ధం. దారి తప్పింది నేను, బాత్రూం వెతుక్కుంటూ. దీపాలు తుడిచే మనిషి హైదరాబాద్ నుంచి రావడం మాత్రం నిజం. అయితే బస్సులో వస్తాడు. నిచ్చెన కూడా మనమే ఇవ్వాలి.

కోతలు కోయడం నాకు ఉద్యోగంతో అంటుకున్న అలవాటు. సర్వీసంతా జనగామ, తొర్రూరు మధ్య బస్సులో కండక్టరుగా చేశాను. నిలబడి వచ్చే జనానికి కాళ్ళ నొప్పి తెలియకుండా ఉండాలంటే ఏదో ఒకటి చెప్తూ ఉండాలి. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆ ముచ్చట పక్క స్టేజీ దాకా కూడా రాదు.

ఆ దారిలోనే నా కళ్ళ ముందు మేడలు లేచాయి. పత్తి చేల మధ్యన, వరి మడుల ఒడ్డున, ఒక్కొక్కటిగా. నీలం అద్దాలు, సింహాల బొమ్మలున్న గేట్లు, గుడిగోపురానికి పోటీ వచ్చే పిట్టగోడలు. బస్సు పక్కనుంచి పోతుంటే జనం కిటికీల్లోంచి మెడలు చాచి చూసేవాళ్ళు. నేనూ చూసేవాణ్ణి. ఏ పూట పోయినా ఆ బాల్కనీల్లో మనిషి కనబడేవాడు కాదు. తీగ మీద ఒక తడి చీర గానీ, చిన్నపిల్లల లాగు గానీ ఆరుతూ కనబడేది కాదు. బట్టలు ఆరని ఇంట్లో ఎవరున్నట్టు? అప్పుడు అది నాకు తమాషాగా ఉండేది. మా అక్క అలాంటి ఇంట్లోకి పోయాక తమాషా తగ్గింది. ఎందుకంటే ఒక దశ వచ్చింది, అంత మేడలో జబ్బుపడ్డ మా అక్కకు మంచం వేసుకొనే చోటు కరువైంది. నేను చెప్పబోయేది ఆ చోటు సంగతే.

మా బావ చెడ్డవాడు కాదు. తొర్రూరు పక్క ఊళ్ళో పాత భూస్వాముల ఇంటివాడు. కొంత కాలం ఊరి రాజకీయం చేశాడు, తర్వాత కాంట్రాక్టులు. హైదరాబాద్‌లో ఎవరో పెద్దమనిషి ఇంటికి పోయి, అక్కడ సోఫాలో సరిగ్గా కూర్చోవడం రాక, అంచు మీద కూర్చొని వచ్చాడట. ఆ రోజే మేడ పునాది పడిందని మా అక్క అనేది. "ఆయిన అంచు మీద కూసోని వచ్చిండు. ఇప్పుడు అందర్ని అంచు మీద కూసోవెట్టాలె. గందుకే కట్టిండు."

తలుపుల టేకు భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి వచ్చింది. చెక్కడానికి మనుషులు ఇంకెక్కడి నుంచో వచ్చారు. వాస్తు సిద్ధాంతి మాట మీద మెట్లు కూలగొట్టి మళ్ళీ కట్టారు. చెరువు కింది అక్క పొలం, మా నాయన పసుపు కుంకుమల కింద ఇచ్చింది, ఆ ఇంట్లోకే పోయింది. కట్టినన్నాళ్ళూ తెల్లారకముందే లేచి పైపు పట్టుకొని గోడలకు నీళ్ళు కొట్టింది అక్కే. "సిమెంటు నీళ్ళు తాగకపోతే గోడ నోరు తెరుస్తదిరా" అనేది.

గృహప్రవేశానికి జిల్లా అంతా వచ్చింది. అది కోత కాదు, దాదాపు అంతే. అందరూ ఫోటోలు దిగారు, మటన్ తిన్నారు, పోయారు. ఆ తర్వాత ఇల్లు మిగిలింది.

నేను పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. ముందు వంటింట్లో విదేశీ పొయ్యి మీద గృహప్రవేశం నాడు పాలు పొంగించారు, అంతే. తాలింపు వేస్తే పొగ పట్టి పైకప్పు పాడవుతుందని అసలు వంట వెనకాల రేకుల షెడ్డులో. అక్క పొద్దంతా ఆ షెడ్డులోనే ఉండేది, తండా నుంచి పనికి వచ్చే ఆమెతో ముచ్చట పెడుతూ. బావ గేటు దగ్గర వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు నమస్తే పెడితే ఆయనకు పొద్దు గడిచేది. నా మేనల్లుడు, అంటే అక్క కొడుకు, పెండ్లాం పిల్లలతో పై అంతస్తులో. పైనుంచి కిందికి ఫోనులో మాట్లాడేవాడు. "అమ్మా, కింద ఎవరచ్చిండ్రు?" "నీ మామ వచ్చిండు బిడ్డా." "ఉండుమను, వస్త." వచ్చేవాడు కాదు. చెడ్డ పిల్లవాడేం కాదు, లిఫ్ట్ అప్పుడప్పుడూ మధ్యలో ఆగిపోయేది, మెట్లేమో బాగా ఎత్తు. ఈత కొలనులో మొదటి ఎండాకాలం మనవలు కొన్నాళ్ళు దూకారు. నీళ్ళు పచ్చబడ్డాయి. తోడేశారు. తర్వాత దాంట్లో మక్కజొన్నలు ఆరబోశారు. మక్కలకు అంత ఖరీదైన కల్లం తెలంగాణలో ఇంకొకటి లేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆ ఇల్లంతా తిరిగాను. ఎక్కడా మనిషి లేడు. ఒక పెద్ద గదిలో మాత్రం ఏసీ నడుస్తోంది. లోపల ఎవరున్నారో అని తొంగి చూస్తే సోఫాలు. తోలు సోఫాలట, వేడికి పగుళ్ళు వస్తాయని ఎండాకాలమంతా వాటికి ఏసీ వేస్తారట. అదే సమయంలో మా అక్క రేకుల కింద చెమట కారుస్తూ రొట్టెలు చేస్తోంది. ఇది మాత్రం కోత కాదు. కొయ్యడానికి ఇంకేం మిగల్లేదు.

ఒక శుక్రవారం అక్క కాళ్ళకు పసుపు రాసుకొని హాల్లోకి వచ్చి ఆ నున్నటి పాలరాయి మీద జారింది. తుంటి విరిగింది. హనుమకొండ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఎముక అతికిందన్నారు గానీ అక్క లేవలేదు. షుగర్ మనిషి, వయసు మీద పడింది. నెలలు గడుస్తున్నకొద్దీ మంచానికి అతుక్కుపోయింది. తిండి తగ్గింది. డాక్టరు ఇంకేం చెప్పలేక "బాగా చూసుకోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

ఇక్కడ మా దిక్కు ఆచారం ఒకటి చెప్పాలి. మనిషి చెడ్డ నక్షత్రంలో పోతే ఇంటికి కీడంటారు. ధనిష్ఠ నుంచి రేవతి దాకా వరుసగా వచ్చే ఐదు నక్షత్రాలు, పంచకం అంటారు, అందుకు పేరు మోసినవి. నెలనెలా వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి విడిచిపెట్టాలి. దీన్నే ఇల్లు పాడుపెట్టడం అంటాం. పొయ్యి వెలగదు, దీపం వెలగదు. కొందరు గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప వేస్తారు. గడువు తీరాక శాంతి చేయించి, సున్నం వేసుకొని మళ్ళీ లోపలికి వస్తారు. మా నాయన అట్లాంటి రోజునే పోతే మేమంతా ఒక వానాకాలం పశువుల కొట్టంలో గడిపాం. పెంకుటింటివాళ్ళకు అది పెద్ద కష్టం కాదు. మూటా ముల్లే ఎత్తుకొని పక్కకు జరగడమే.

మేడకు అలా కుదరదు. బావ మనవరాలి పెళ్ళి మాఘంలో కుదిరింది. మంత్రులు వస్తారు, పిలుపులు మొదలయ్యాయి. అట్లాంటి ఇంటి టేకు తలుపుకు తుమ్మకంప వేస్తే ఎలా ఉంటుంది? బావకు నిద్రపట్టలేదు. సిద్ధాంతిని అడిగి ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. ఆ చెడ్డ రోజులు రాగానే అక్కను కారులో పడుకోబెట్టి జనగామలో నా ఇంటికి పంపడం, రేవతి దాటాక తిరిగి తీసుకుపోవడం.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నాకు బావ చెప్పింది వేరు. "బామ్మర్దీ, అక్కకు నీ ఇంటి మీద మనసు పోయింది. నాలుగు దినాలు ఉంచుకో" అని ఫోన్ చేశాడు. నేను పొంగిపోయాను. నాది రెండు గదుల ఇల్లు, ముందు వసారా. వసారాలో అక్క మంచం వేశాం. తండా ఆమె కూడా వెంట వచ్చింది, అక్కను చూసుకోవడానికి. నెల తిరిగేసరికి మళ్ళీ కారు వచ్చింది. ఆ పై నెల మళ్ళీ.

హోటల్లో నేను ఆగుతానా? "మేడలో మా అక్కకు కంటి మీద కునుకు లేదట. నా వసారాల పడుకుంటే గురక బస్టాండు దాక వినవడుతది" అన్నాను. చాయ్ పోసే ఆయన గ్లాసు కడుగుతూ, "అయితే మేడ నువ్వు తీసుకో, వసారా ఆళ్ళకియ్యి" అన్నాడు. నిజానికి అక్క గురక పెట్టదు. నా ఇంట్లో కూడా ఆమెకు సరిగ్గా నిద్రపట్టేది కాదు.

నా భార్యకు అనుమానం వచ్చింది. ఆమె నాలాగా మాట్లాడదు, చూస్తుంది. ఒక పొద్దున అక్కకు తల దువ్వుతూ అడిగింది.

"వదినా, ఏమనుకోకు. నువ్వస్తే మాకు సంబురమే. గని నెలనెలా గీ దినాలకే ఎందుకు వస్తున్నవు?"

"నీకింకా తెల్వదా పిల్లా?" అంది అక్క. "నా తమ్మునికి తెల్వదంటే నమ్ముత. వానికి నోరొక్కటే ఇచ్చిండు దేవుడు, చెవులియ్యలే."

"చెప్పు వదినా."

"చెడ్డ నక్షత్రాలు వస్తే నన్నీడికి తోలుతున్నరు. పోతే గీడ పోవాలె. మీ ఇల్లు పాడువెట్టినా నడుస్తది. ఆ ఇల్లు పాడువడొద్దు."

నా భార్య చేతిలో దువ్వెన ఆగిపోయింది. తండా ఆమె గడప దగ్గర కూర్చొని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. అంటే ఆమెకు ముందే తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

"మాది ఇల్లు కాదా మరి ఆళ్ళకు?" అంది నా భార్య, మెల్లగానే.

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. రెండూ వచ్చినప్పుడు నేను చేసేది ఒక్కటే, ఉపన్యాసం. లేచి నిలబడ్డాను. "అక్కా, నువ్వెక్కడికీ పోకు. నా ఇల్లు పాడుపడితే పడనియ్. ఏడాది కాదు, పదేళ్ళు పాడుపెడత. నేను పోయి బస్టాండుల పండుకుంట!"

"బస్టాండుల పండుకునుడు నీకేమన్న కొత్తనారా?" అంది అక్క. తండా ఆమె నవ్వు ఆపుకోలేక చేట పక్కన పెట్టింది. నా భార్య కూడా నవ్వింది. నేను కూర్చున్నాను. ఒప్పుకోవాలి గదా, ఆ మాట అన్నప్పుడు కూడా నా కళ్ళు మా గోడల వైపే పోయాయి. ఇల్లు విడిచి ఎక్కడికి పోతాం, ఈమెను ఎక్కడ పెడతాను అని లోపల ఒకడు లెక్కలు వేస్తూనే ఉన్నాడు.

నవ్వు తగ్గాక అక్క అంది, "నేను గీడ సావను తమ్మీ."

"ఎందుకే? మా ఇల్లు మంచిగ లేదా?"

"మంచిగుంది. గని ఇది నీ పెండ్లాం ఇల్లు. పొద్దున లేస్తే చీపురు ఏడుంటదో దానికి ఎరుక, నాకు కాదు. నా ఇల్లు ఆడున్నది."

నేను తెల్లబోయాను. నేననుకున్నది వేరు. మేడలో ప్రాణం విసిగి మా అక్క నా వసారాను కోరుకుంటోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఊరంతా చెప్పుకున్నాను. "ఆ ఇంట్ల నీకు ఏం ఉన్నదక్కా? ఆ రాయి మీదనే గదా తుంటి విరగ్గొట్టుకున్నవు? సోఫాకున్న ఇజ్జతు నీకు లేకపాయె."

"గందుకే పోవాలె" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "సూడు, ఆ ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వలు పుట్టలే. ఎవ్వలు సావలే. ఒక్కనాడు అందరం కూసోని కొట్లాడుకున్నది లేదు. ఎవరో వచ్చిండ్రు, ఫోటోలు దిగిండ్రు, పోయిండ్రు. గది ఇల్లెట్లయితదిరా? ఫంక్షన్ హాలైతది. నా పొలం పెట్టిన. ఆ గోడలకు నీళ్ళు వోసిన. నేను ఆడ సస్తే గది ఇల్లయితది. తోలుకపో నన్ను."

"రేవతి దాటినంక కారొస్తది గదనే?"

"దాటినంక ఎందుకు? మంచి దినం ఎవ్వలన్న రానిస్తరు. ఇయ్యాల రానిస్తరా లేదా సూడాలె."

ఆ రోజు శతభిషమట, ఆ చెడ్డ నక్షత్రాల్లో రెండోది. ఆమెకు రోజులు నాకంటే బాగా తెలుసు.

నేను వెనకాముందాడుతుంటే నా భార్య చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తండా ఆమె ఫోను తీసి తన భాషలో గబగబా మాట్లాడింది. తండావాళ్ళు జనగామ మార్కెట్‌కు పత్తి తెచ్చిన ట్రాలీ ఆటో ఖాళీగా తొర్రూరు దిక్కు తిరిగిపోతోందట. వాళ్ళు ఇంటి ముందుకు వచ్చారు. పరుపు వేసి, పరుపు మీద అక్కను వేశాం. అటూ ఇటూ మేం కూర్చున్నాం. ఆటో అడుగున రాలిన పత్తి ఇంకా ఉంది. గాలికి లేచి అక్క జుట్టులో, చీరలో చిక్కుకుంటోంది.

కారులో తెచ్చినప్పుడు అద్దాలు మూసి తెచ్చేవాళ్ళు. ఇప్పుడు పైన ఆకాశం. అక్క కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. నేను పాత అలవాటుతో వచ్చే స్టేజీల పేర్లు అరుస్తూ పోయాను. "దిగేటోళ్ళు ముందుకు రావాలె!" అంటే తండా ఆమె, "దిగేటోళ్ళు లేరు గని నువ్వు కూసో తాతా, పడ్తవ్" అంది. దారి పొడుగునా మేడలు వస్తూనే ఉన్నాయి. అక్కకు కనబడవు కాబట్టి నేను చెప్తున్నాను, ఇది ఏనుగుల గేటు, ఇది గాజు గోపురం. "బట్టలు ఆరేసి ఉన్నయా?" అని అడిగింది. "లేవు" అన్నాను.

మేడ గేటు మా ట్రాలీని చూసి తెరుచుకోలేదు. వాచ్‌మన్ బయటికి వచ్చి, "ఎరువులైతే ఎనక గేటు" అన్నాడు. నా భార్య, "ఎరువులు కాదు నాయినా, మీ దొరసాని" అంది. వాడు వంగి చూసి బిత్తరపోయాడు. అప్పటికే రోడ్డు మీద పోయేవాళ్ళు నలుగురైదుగురు ఆగారు. వేపచెట్టు కింది కుర్చీలోంచి బావ లేచి వచ్చాడు.

"ఏంది బామ్మర్దీ గిది? రోగిష్టి మనిషిని గీ డబ్బాల ఏసుకొస్తవా? ఫోన్ చేస్తే కారు పంపకపోదునా?"

"పంపకపోదువు" అంది అక్క, పరుపు మీంచి.

బావ గొంతు తగ్గించాడు. "ఇయ్యాల ఏం దినమో తెల్సానే?"

"తెల్సు. గందుకే వచ్చిన."

"జిద్దు చెయ్యకే. రెండు మూడు దినాలు ఆగు. మనవరాలి పెండ్లి ఉన్నది. జర సమజ్ చేస్కో."

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. దారిలోనే ఒక కథ అల్లి పెట్టుకున్నాను. గొంతు సవరించుకొని, "బావా, కాజీపేటల ఒక పెద్ద పండితుడు చెప్పిండు. ఇంటి ఇల్లాలిని గిట్ల పంచకంల గడప దాటిస్తే ఆ దోషం ఏడు తరాల..." అని అందుకున్నాను.

"నోరు ముయ్యిరా" అంది అక్క. "అబద్ధం చెప్పి నన్ను నా ఇంట్లకు తోలుతవా?" తర్వాత బావ వైపు తిరిగింది. గొంతు చిన్నదైపోయింది, మేమందరం వంగి వినాల్సి వచ్చింది. "ఒక్కటి చెప్పు. నేను ఏడ పోవాలె? నా తమ్మునింట్లనా, దవాఖానలనా, తొవ్వలనా? నువ్వు చెప్పు, ఆడికే పోత. నాది ఏది ఇల్లు?"

హోటల్లో ఈ ఘట్టం చెప్పినప్పుడు, బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయని, పరుగున వచ్చి అక్కను చేతుల మీద ఎత్తుకొని గడప దాటించాడని చెప్పాను. వినేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. జరిగింది అది కాదు. బావ అక్కను చూడలేదు, రోడ్డు మీద చేరిన జనాన్ని చూశాడు. వాళ్ళలో ఊరివాళ్ళున్నారు, ఓట్లు వేసినవాళ్ళున్నారు. వాళ్ళు వింటున్నారు. సిగ్గుతో, విసుగుతో, "నడువుండ్రి లోపటికి. గేటు తియ్యిరా" అన్నాడు. ప్రేమతో తెరుచుకుందని చెప్పుకోవాలని నాకుంటుంది. సిగ్గుతో తెరుచుకున్నా గేటు గేటే.

అక్క పాత గదికి వెళ్ళనంది. హాల్లోనే, తను జారిపడ్డ చోటే మంచం వెయ్యమంది. సోఫాలు పక్కకు జరిపాం. ఎంత బరువో! వాటిని జరుపుతుంటే పాలరాయి కీచుమంది. బావ ముఖం చిట్లించాడు.

ఆ చెడ్డ రోజులు నేనూ, నా భార్యా అక్కడే ఉన్నాం. అప్పుడు ఒక విచిత్రం చూశాను. ఆ ఇంట్లోవాళ్ళు నిమిషం నిమిషానికి హాల్లోకి రాసాగారు. అక్క ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి. మేనల్లుడు ఫోను చెయ్యడం మాని మెట్లు దిగి వచ్చేవాడు. కోడలు ముందు వచ్చి దూరంగా నిలబడి పోయేది, తర్వాత కూర్చోవడం మొదలుపెట్టింది, తర్వాత కూరగాయలు తెచ్చుకొని అక్కడే తరిగేది. మనవరాలు నానమ్మ కాళ్ళ దగ్గర పాలరాయి మీద చాప వేసుకొని పడుకుంది. బావ ప్లాస్టిక్ కుర్చీ గేటు దగ్గర నుంచి హాల్లోకి వచ్చింది. భయంతోనే వచ్చారు, నాకు తెలుసు. భయంతో వచ్చినవాళ్ళు ఊరికే ఎంతసేపు కూర్చుంటారు? మాటలు వస్తాయి. పెళ్ళికి ఎవరిని పిలవాలో దగ్గర బావా, కొడుకూ పోట్లాడుకున్నారు. గట్టిగానే. అక్క కళ్ళు మూసుకొని వింటోంది.

"లోపట పొయ్యి మీద తాలింపు ఎయ్యుండ్రి" అంది ఒక మధ్యాహ్నం. "వాసన రావాలె." కోడలు మామ వైపు చూసింది. బావ పైకప్పు వైపు చూశాడు. "ఎయ్యి" అన్నాడు. ఎండు మిరపకాయలు, వెల్లుల్లి వేగిన ఘాటుకు అందరం దగ్గాం. ఆ పెద్ద హాల్లో దగ్గు గోడ నుంచి గోడకు తిరిగింది.

రేవతి దాటింది. అక్క పోలేదు. "గీ నెల తప్పించుకున్నవు పో" అంది బావతో. ఆయన నవ్వాడు. అక్కను మళ్ళీ ఎక్కడికీ పంపలేదు. ఆ పై నెల చెడ్డ రోజుల్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేను జనగామకు తిరిగి వచ్చాను. అప్పుడప్పుడూ పోయి చూసేవాణ్ణి. పోయిన ప్రతిసారీ హాల్లో ఎవరో ఒకరు ఉండేవారు.

కార్తీకం పోయి చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అక్క పోయింది. కోడలు తెచ్చిన జావ రెండు గుటకలు తాగి, ఇక చాలంది. కబురు అందుకొని నేను చేరేసరికి ఆమె ఇంకా ఆ మంచం మీదే ఉంది. మా దిక్కున ప్రాణం పోగానే మనిషిని బయట పడుకోబెడతారు. బావ ఒప్పుకోలేదు. "ఉండనియ్యుండ్రి, ఇంట్లనే ఉండనియ్యుండ్రి" అంటున్నాడు.

నక్షత్రం చూడాలి కదా. మేనల్లుడే ఫోను కలిపి తండ్రి చేతికిచ్చాడు. పంతులు అవతల ఏదో చెప్తున్నాడు. బావ వింటున్నాడు. "ఆఁ" అన్నాడు. మళ్ళీ "ఆఁ" అన్నాడు. మేమందరం ఆయన ముఖంలోకే చూస్తున్నాం. ఏమీ కనబడలేదు. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు కూర్చున్న ముఖం అది. ఫోను పెట్టి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

"ఏమన్నడు బాపూ? ఏం నక్షత్రమట?" అని అడిగాడు మేనల్లుడు.

"చెప్పిండు."

"ఏమని?"

"చెప్పిండు లే" అన్నాడు బావ. "పోయి కట్టెల సంగతి సూడు."

అంతే. ఇల్లు పాడుపెట్టలేదు, తలుపుకు కంప వెయ్యలేదు. పదకొండో రోజు ఆ హాల్లోనే అందరం బంతిగా కూర్చొని తిన్నాం. పంతులును అడిగితే తెలుస్తుంది. క్యాలెండరు చూసినా తెలుస్తుంది. కోడలు చూడలేదు, నా భార్య చూడలేదు. మనవరాలి పెళ్ళి ఆగింది, ఎలాగూ ఆగాల్సిందే. నేను మాత్రం ఉగ్గబట్టుకోలేకపోయాను. బావ ఒక్కడే ఉన్నప్పుడు చేరి, చెవి దగ్గర అడిగాను.

"బావా, నాకు చెప్పు. మంచిదా, చెడ్డదా?"

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలాడు. అక్క మంచం తీసేశాక అక్కడ పాలరాయి మీద నాలుగు మంచంకోళ్ళ గుర్తులు పడ్డాయి, తుడిచినా పోలేదట. ఆయన వాటి వైపు చూస్తూ అన్నాడు:

"నీకు చెప్తే జనగామ బస్టాండు దాంక పోతది. నీ అక్క ఆమె ఇంట్ల పోయింది. గదే చెప్పుకో పో."

గదే చెప్పుకుంటున్నాను.